సాత్వికముతో నడిపించుదాం



దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లోని మన కుటుంబాలలో షుగరు, బి.పి. ఉన్న పెద్దవారు చాలామంది ఉన్నారు. ఒకప్పుడు ఇంటిని నడిపించిన తల్లిదండ్రులను ఇప్పుడు కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళు నడిపించవలసి వస్తోంది. ఈ బాధ్యతలో ప్రేమ ఉన్నా, అలసట వల్ల మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది.

మాత్ర మరచిపోయారని అందరి ముందు గద్దించితే ఏమవుతుంది? మరుసటిసారి వేసుకోకపోయినా "వేసుకున్నాను" అంటారు. ఆ మాట నమ్మి డాక్టరుగారు మోతాదు పెంచవచ్చు. తర్వాత అన్ని మాత్రలూ వేసుకున్న రోజున షుగరు మరీ పడిపోయి చెమటలు, వణుకు, చివరకు స్పృహ తప్పడం కూడా జరగవచ్చు. భయంతో దాచిన చిన్న నిజం ప్రాణం మీదికి తెస్తుంది.

నడిపించేవారు ఎలా ఉండాలో చూపిన మాదిరి మన తెలుగు సంఘ చరిత్రలోనే ఉంది. బిషప్ వి.ఎస్. అజరయ్య గారు 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో, తమిళ కుటుంబంలో జన్మించారు. 1909లో సేవ నిమిత్తం దోర్నకల్ వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంత పదవిలో ఉండి కూడా ఎద్దుబండి మీద, సైకిలు మీద పల్లెలకు వెళ్ళేవారు. ప్రజల మాట వినడానికి తానే తెలుగు నేర్చుకున్నారు. ఊరి బయట ఉంచబడిన మాల, మాదిగ కుటుంబాలలోనుండి బోధకులను, ఉపాధ్యాయులను సిద్ధపరచారు. అయితే సంఘంలో కులభేదాన్ని మాత్రం ఆయన ఒప్పుకోలేదు. సాత్వికము బలహీనత కాదు. మనిషి యెడల మృదువుగా, సత్యం విషయంలో స్థిరంగా ఉండటమే సాత్వికము. శిష్యుల పాదములు కడిగిన ప్రభువు మనకు నేర్పినదీ అదే.

దీనిని మన ఇంట్లోనే అభ్యాసం చేద్దాం. ఉదయం మందుల డబ్బా తెరిచే ముందు ఒక నిమిషం ప్రార్థించుదాం. "నాన్నా, ఏ మాత్ర వేసుకుంటే ఇబ్బందిగా ఉంది?" అని అడిగి, జవాబు పూర్తయ్యేవరకు విందాం. మానివేసిన మాత్రల సంగతి దాచకుండా డాక్టరుగారికి చెప్పుదాం. మోతాదు మనంతట మనమే మార్చవద్దు. కోపంగా మాట్లాడితే పొద్దుగూకకముందే క్షమాపణ అడుగుదాం. చిన్నవారి ముందైనా తగ్గించుకోవడం అవమానం కాదు.

షుగరు మందులు వాడేవారికి చెమటలు, వణుకు వస్తే, స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్ళు ఇచ్చి ఆసుపత్రికి తీసుకురండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే తీసుకురండి.

సండేస్కూలు టీచర్లకు, యౌవనస్థుల నాయకులకు, ఆసుపత్రిలో పనిచేసే మాకందరికీ ఇదే పాఠం. దీనమనస్సుతో ఒకరినొకరు నడిపించుకొనే కృపను ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.