పాత మోటారు సైకిలు: చప్పుడును బట్టి జబ్బు తెలియుట

పాత మోటారు సైకిలు కొనదలచినవారు రంగును చూతురు, టైర్లను చూతురు, ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో మీటరులో చదువుదురు. రంగు మరల వేయవచ్చును, టైర్లు మార్చవచ్చును, మీటరులోని అంకెలను గూడ వెనుకకు త్రిప్పవచ్చును. కాని బండి నడచునపుడు పుట్టు చప్పుడును ఎల్లకాలము దాచుట ఎవరి తరమును కాదు. ఆ చప్పుడును వినుటకు ఒక క్రమము కలదు. ఇంజనులో పుట్టిన బలము వెనుక చక్రమునకు చేరు త్రోవలో వినవచ్చు ధ్వనులను గూర్చి మేమిచ్చట ముచ్చటింపదలచినాము.

కడప జిల్లా చక్రాయపేట మండలమునందలి పల్లెలవారికి మోటారు సైకిలు నిత్యావసరము. వేంపల్లెకు మందులకు పోవలెనన్నను, రాయచోటిలో పని చూచుకొనవలెనన్నను, రాత్రివేళ తోటలో బోరు మోటారు వేసి రావలెనన్నను అదియే ఆధారము. చీనీ తోటపైననో, వేరుసెనగపైననో నాలుగు రూకలు మిగిలిన యేడు పాత బండి కొనువారికి, ఆ బండి మూడు నెలలలో షెడ్డు పాలైనచో కలుగు నష్టము చిన్నది కాదు. పైగా పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని పారు గండి క్షేత్రమీ మండలములోనిదే. ఆ ఏటి ఇసుకయు, పల్లెబాటల దుమ్మును చైను నూనెలో కలిసి ఆకురాయి వలె ఇనుమును అరగదీయును.

ముందుగా బలము నడచు త్రోవను తెలిసికొనవలెను. ఇంజను నుండి బలము క్లచ్చికి, అచ్చటినుండి గేర్ బాక్సునకు పోవును. గేర్ బాక్సు బయట చిన్న పళ్లచక్రమొకటి కలదు. మెకానిక్కులు దానిని ముందు స్ప్రాకెట్టు అందురు. దానినుండి చైను ద్వారా వెనుకనున్న పెద్ద పళ్లచక్రమునకును, హబ్బులోని రబ్బరుల ద్వారా చక్రమునకును బలము చేరును. ఈ రోలరు చైనును 1880లో మాంచెస్టరునందు హాన్స్ రెనోల్డు రూపొందించెను. 1955లో మదరాసున నెలకొన్న ఎన్‌ఫీల్డు ఇండియా వారి పాత బుల్లెట్టులో ఇంజనునకును క్లచ్చికిని నడుమ, మూత లోపల, మరియొక చైను గూడ కలదు. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100 వంటి బండ్లలో ఆ చోట గేరు చక్రములుండును.

భాగములన్నియు మూతల వెనుక నున్నవి గదా, ఏది మ్రోగుచున్నదో తెలియుటెట్లని సందేహము కలుగవచ్చును. 1885లో నాటక సమాజమును కన్న సురభి గ్రామమీ చక్రాయపేట మండలములోనిదే. తెర వెనుక హార్మోనియము వాయించుచున్నారో, తబలా వాయించుచున్నారో నాటకము చూడవచ్చినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. బండి విషయమునను చెవి అట్లే అలవాటు పడును. అయితే చప్పుడు ఎట్లున్నదని అడుగుటకంటె ఎప్పుడు వచ్చుచున్నదని అడుగుట మేలు. కిర్రు అనునదియు, గర్రు అనునదియు మనిషి మనిషికి మారును. చప్పుడు వచ్చు వేళ మారదు.

మొదటి పరీక్ష నిలిచియున్న బండికి. మీరు పోవువరకు ఇంజను స్టార్టు చేయవలదని అమ్మువారితో ముందే చెప్పుడు. చల్లని ఇంజనులో వినవచ్చు చప్పుడు కొన్నిట వేడెక్కిన పిమ్మట అణగిపోవును. న్యూట్రలులో ఇంజనును నడిపించి, క్లచ్చిని పట్టియు విడిచియు వినుడు. క్లచ్చి పట్టగనే మాయమగు చప్పుడు క్లచ్చి గిన్నెదో, గేర్ బాక్సులోనికి బలము తెచ్చు ఇరుసు బేరింగుదో అయియుండును. కొన్ని బండ్లలో ఇది కొద్దిగ నుండుట సహజమే. క్లచ్చి పట్టినప్పుడే పుట్టు చప్పుడు క్లచ్చిని విడదీయు చిన్న బేరింగుది. రెంటికిని మారనిది ఇంజనులోనిది. దానికి వేరు విచారణ కావలెను.

రెండవ పరీక్ష ఇంజను ఆపి చేయవలెను. డబుల్ స్టాండు వేసి, న్యూట్రలులో వెనుక చక్రమును చేతితో మెల్లగ త్రిప్పుడు. చైనునకు వ్రేళ్లు దూరముగ నుంచుడు. చైను వదులు సాధారణముగ 20 నుండి 30 మిల్లీమీటర్లుండును. బండితో వచ్చిన పుస్తకములో సరియైన కొలత దొరకును. ఒకచోట బిగువుగను, ఒకచోట వదులుగను ఉన్నచో చైను సమముగ అరుగలేదన్న మాట. వెనుక పళ్లచక్రముపైనున్న చైనును వెనుకకు లాగినపుడు పన్ను సగము బయటపడినచో దానికి కాలము తీరినది. చిన్న బండ్ల చైనులో పిన్నునకు పిన్నునకు నడుమ 12.7 మిల్లీమీటర్లు, కొత్త చైనులో అట్టి ఇరువది కలిసి 254. అది 259 అయినచో నూటికి రెండు పాళ్లు సాగినదనుకొనవలెను. పిదప చక్రమును ప్రక్కలకు ఊపిచూడుడు. కదలిక తెలిసినచో బేరింగునో, చక్రమును మోయు ఫోర్కు బుష్షునో అనుమానింపవలెను.

మూడవ పరీక్ష దారిపై. చదునైన, రద్దీలేని బాటనే ఎన్నుకొనవలెను. గండి మలుపులలో ఇట్టి పరీక్షలు తగవు. నడచుచుండగా క్లచ్చి పట్టి యాక్సిలరేటరు వదలుడు. ఇంజను వేగముతో పాటు తగ్గిన చప్పుడు ఇంజను, క్లచ్చిల వైపుది. బండి వేగముతో పాటు సాగునది చైను, చక్రముల వైపుది. ఒక్క గేరులోనే ఊళ వినబడినచో ఆ గేరు పళ్లు చెడినవి. యాక్సిలరేటరు వదలి మరల ఇచ్చినప్పుడెల్ల టక్కుమన్నచో హబ్బు రబ్బరులు నలిగినవి, లేదా చైను మిక్కిలి వదులు.

చప్పుడునకు తాళమున్నచో లెక్కపెట్టవలెను. ముందు 14, వెనుక 42 పళ్లు, 104 లంకెల చైను గల బండిని తీసికొందము. గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగమున చక్రము సెకనునకు ఒక్కమారు తిరుగును. చక్రమొక చుట్టు తిరుగులోపల మూడు మారులు వినబడునది ముందు పళ్లచక్రముది. చుట్టునకొక్కటి వినబడునది వెనుక పళ్లచక్రముదో, చక్రముదో, బ్రేకుదో. దాదాపు రెండున్నర చుట్లకొకటి వినబడునది బిగుసుకొనిపోయిన చైను లంకెది.

చైను, పళ్లచక్రములు, బేరింగులు, రబ్బరులు బయటి భాగములు. కొద్ది ఖర్చుతో మారును. కావున ఆ మేరకు ధర తగ్గించి అడుగవచ్చును. చైను మార్చునపుడు రెండు పళ్లచక్రములను గూడ మార్చవలెను. అరిగిన పళ్లు కొత్త చైనును త్వరలో తినివేయును. గేర్ బాక్సులోని ఊళ అట్టిది కాదు. ఇంజను విప్పనిదే ఆ జబ్బు కుదురదు; అట్టి బండిని విడిచిపెట్టుటే మంచిది. చైనుపై గ్రీజు దట్టముగ పూసియున్నచో, తుడిపించి మరల వినుడు.

చైను తెగుట ధనముతో పోవు విషయము మాత్రమే కాదు. తెగిన చైను ముందు పళ్లచక్రమునకు చుట్టుకొని చక్రమును బిగబట్టవచ్చును, ఇంజను పెట్టెను పగులగొట్టవచ్చును. చప్పుడగుచున్నదని చైను కవరు ఊడదీసినచో వెనుక కూర్చున్నవారి చీరకొంగు అందులో చిక్కు ప్రమాదము కలదు. కొనిన పిమ్మట అప్పుడప్పుడు ఇంజను ఆపి, కిరసనాయిలుతో చైనును తుడిచి, ఎస్.ఎ.ఇ. 90 గేరు నూనె పూయుడు. ఇంజను నుండి తీసిన పాత నూనెలో ఇనుప రజను ఉండును. దానిని చైనునకు వాడరాదు. నెలకొకమారు పై పరీక్షలలో మొదటి రెండును చేసికొన్నచో, చెడు చప్పుడు మొదలైనదినముననే మీ చెవికి తెలియును.