పండగ ఖర్చుకు పన్నెండు నెలలు

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో మనమందరం చెవులు రిక్కించి వినేది ఒక్కటే. మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని చదివితే ఒక నవ్వు నవ్వేసి పులిహోర మీద పడతాం. నేను చదివింది బి.కాం., చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం కాబట్టి కాబోలు, కొత్త సంవత్సరాన్ని జమాఖర్చులతో మొదలుపెట్టిన మన పెద్దలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఆ లెక్కను గ్రహాలకు వదిలేయకుండా మనమే వేసుకుంటే ఎంత హాయో చెబుదామని ఈ నాలుగు మాటలు.

మేముండే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. అద్దె, స్కూలు ఫీజులు, ఇంటి వాయిదాలు పోగా చేతిలో మిగిలేది ఎంతో అందరికీ తెలిసిందే. అందులోనే వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి, దసరా, దీపావళి ఒకదాని వెనుక ఒకటి వచ్చిపడతాయి. దీపావళి వెళ్లిన నెలలో నగలు తాకట్టు పెట్టడానికో, కార్డు బాకీ తీర్చే అప్పు కోసమో నా బల్ల ముందు కూర్చునేవారిని ఏటా చూస్తూనే ఉన్నాను. వాళ్లు దుబారా మనుషులు కారు. ‘అప్పుచేసి పప్పుకూడు’ సినిమా 1959లో వచ్చింది. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, ఈనాడు అప్పు మన జేబులోనే కార్డు రూపంలో కూర్చుని ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూడండి. నెలకు 2,000 రూపాయల చొప్పున పన్నెండు నెలలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 24,000 అవుతుంది. ఏడాదికి ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే, పైన వచ్చేది సుమారు 850 రూపాయలు. అదే 24,000 కార్డు మీద ఖర్చుపెట్టి గడువులోగా కట్టలేకపోయామనుకోండి. నెలకు మూడున్నర శాతం చొప్పున ఒక్క నెల వడ్డీయే 840 రూపాయలు. దాని మీద 18 శాతం జి.ఎస్.టి. అదనం. ఏడాది పొడుగునా పొదుపు సంపాదించినదాన్ని అప్పు ఒక్క నెలలో తినేస్తుంది. అందుకే ‘పండగ ఖాతా’ అని విడిగా ఒకటి తెరవమని అడిగినవారికల్లా చెబుతుంటాను. రెండు వేలు కుదరకపోతే ఐదువందలే వేయండి. పోస్టాఫీసులో నెలకు వంద రూపాయలతో కూడా మొదలుపెట్టవచ్చు. కాకపోతే దాని గడువు ఐదేళ్లు.

డబ్బుతోపాటు తేదీలూ ముఖ్యమే. సంక్రాంతికి ఊరు వెళ్లాలంటే చివరి వారంలో ప్రైవేటు బస్సు చెప్పిన ధర ఇచ్చుకోవాల్సిందే. రైలు రిజర్వేషన్లు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంటే జనవరి 12న బయలుదేరాలంటే నవంబరు 13 ఉదయం 8 గంటలకే సిద్ధంగా ఉండాలి. క్యాలెండరు మీద సంక్రాంతికి కాదు, ఆ తేదీకి ఎర్ర సున్నా చుట్టండి. పూల సంగతీ అంతే. వరలక్ష్మీ వ్రతం ముందురోజు కె.ఆర్. మార్కెట్‌లో కనకాంబరాల ధర అడగాలంటేనే భయం. కొబ్బరికాయలు, బెల్లం, పప్పులు వారం ముందే తెచ్చుకుని, కుండీలో పూసిన నందివర్ధనాలతో అమ్మవారిని అలంకరిస్తే ఆవిడేమీ అలగదు.

ఖర్చులేని వేడుకలకు ఈ ఊరు పెట్టింది పేరు. కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగకాయల తిరునాళ్లు. పిల్లల చేతిలో ఒక పొట్లం పెట్టి వీధంతా తిప్పితే చాలు, సాయంత్రం నిండిపోతుంది. ఇంటి దగ్గరే అగర చెరువు గట్టు ఉంది. కర్ణాటకలో నివాసమున్న స్త్రీలకు 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద మామూలు సర్కారు బస్సుల్లో టిక్కెట్టు లేదు. ఆధార్‌లో ఇంకా గుంటూరో కర్నూలో చిరునామా ఉంచుకున్న ఆడపడుచులు దాన్ని ఇక్కడికి మార్చుకుంటే మేలు.

ఇవన్నీ ఎవరికి వారు చేసుకోగలిగినవి. ఒక్కరివల్ల కానిది ఒకటుంది. మా అపార్టుమెంటులో ఒక అమ్మాయి భర్తకు ఉద్యోగం పోయింది. శ్రావణమాసంలో మా ఆవిడ దగ్గరకు వచ్చి, “పిన్నిగారూ, ఈసారి పేరంటం మానేస్తున్నానండీ” అంది. వ్రతానికి కావలసిన సరుకులకు కాదు ఆమె వెనకాడింది. అంతకుముందు ఏడాది ఒకరు స్టీలు డబ్బాలిస్తే ఇంకొకరు ఇత్తడి కుందులిచ్చారు. ఆ వరసలో తాను ఏమివ్వాలా అన్నదే ఆమె బెంగ.

మా ఆవిడ ఆ రాత్రే కుందులిచ్చిన ఆవిడతో మాట్లాడింది. ఆవిడా మంచి మనిషే. “నిజమే వదినా, నేనీ వైపు ఆలోచించలేదు” అంది. ఆ ఏడు అందరిళ్లలోనూ నానబెట్టిన శనగలు, రెండు అరటిపళ్లు, తాంబూలం, పసుపు కుంకుమ. అంతే వాయనం. ముందుగా పేరంటం పెట్టినది కుందులావిడే. మూడో ఇల్లు ఆ అమ్మాయిది. ఎక్కడా ఎవరి చిన్నతనమూ బయటపడలేదు. పాటలు మాత్రం మునుపటికంటే ఎక్కువసేపు సాగాయి.

లేనివాడు తగ్గించుకుంటే లోకం దాన్ని లేమి అంటుంది. అదే పని కలిగినవాడు ముందు చేస్తే పద్ధతి అంటుంది. అందుకే పొదుపు పాఠం జీతం తక్కువైన ఇంట్లో కాదు, ఎక్కువైన ఇంట్లో మొదలుకావాలని నా అభిప్రాయం. ఉగాది పచ్చడిలోకి కావలసింది వేపపువ్వు, మామిడికాయ, చింతపండు, బెల్లం, ఉప్పు, కారం. ఆరు రుచులూ కలిపినా పెద్ద ఖర్చు లేదు. మన ముఖ్యమైన పండగలన్నీ పెద్దలు ఈ తూకంలోనే పెట్టారు. పైపై మెరుగులు మనం తగిలించుకున్నవి.

ఈ సంచిక అందిన వారంలో ప్రతి ఇంట్లోనూ దంపతులిద్దరూ ఒక సాయంత్రం కూర్చుని, వచ్చే ఏడాది పండగలన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన అంకె వేసి, పన్నెండుతో భాగించండి. ఆ తరువాత ఇరుగుపొరుగు నలుగురితో, ఇచ్చిపుచ్చుకోవడాలు ఎంతలో ఉండాలో మాట్లాడుకోండి. మొదటి పనికి పదిహేను నిమిషాలు చాలు. రెండోదానికి కాస్త చొరవ కావాలి. ఆ చొరవ మీ ఇంటినుంచే మొదలవ్వాలని కోరుకుంటూ, సెలవు.