అటక మీది గుంటల పీట

చింతపండు కొట్టే రోజులొస్తే మడకశిర చుట్టుపక్కల ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్లే. కాయ కొట్టడం, నార తీయడం, గింజ వేరు చేయడం అన్నీ వాళ్ల చేతుల మీదుగా జరగాల్సిందే. పండు హిందూపురం మార్కెట్టుకు పోతుంది. గింజలు మూటలకెక్కుతాయి. ఆ మూటలోంచి డెబ్బై గింజలు పక్కన పెట్టుకుంటే చాలు, ఇద్దరికి ఒక మధ్యాహ్నానికి సరిపడా ఆట చేతికొచ్చినట్టే. అదే వామనగుంటలు.

పేరు వినని వాళ్లుండరు. ఆడటం ఎందరికి వచ్చు? మనలో చాలామంది చిన్నప్పుడు అవ్వ పక్కన చేరి గింజలు పోసినవాళ్లమే. తర్వాత చదువులు, పెళ్లిళ్లు, పిల్లలు, టీవీ, ఇప్పుడు సెల్‌ఫోను. పీట కాస్తా అటకెక్కింది. గుంటల్లో గింజలు పోయడం గుర్తుంది గానీ, ఎప్పుడు ఆగాలో, ఏ గింజలు ఎవరివో గుర్తు లేదు. అందుకే ఈ ఆటను మళ్లీ మొదటి నుంచి, కొత్తవాళ్లలాగే నేర్చుకుందాం అంటున్నాను.

ఇది మన ఒక్క ప్రాంతానిదే అనుకోకండి. ఈ సరిహద్దులో కన్నడం మాట్లాడే ఇళ్లలో దీన్నే అళగుళి మణె అంటారు. మంగళూరు వైపు చెన్నెమణె, తమిళనాడులో పల్లాంగుళి. శ్రీలంకలో ఒలింద కెళియ. ఫిలిప్పీన్స్‌లో సుంగ్కా, ఆఫ్రికాలోని ఘనాలో ఒవారే, ఇవన్నీ దీనికి అక్కచెల్లెళ్లే. గుంటల లెక్క, గింజల లెక్క దేశానికొక రకం. గుంటలో గింజలెత్తి ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోవడం మాత్రం అన్నిచోట్లా ఒకటే.

ఆడే పద్ధతి

పీటకు రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. మీ వైపు ఏడు మీవి, అవతలి ఏడు ఎదుటివారివి. గుంటకు ఐదు చొప్పున డెబ్బై గింజలు పోయాలి. పీట లేకపోతే నేల మీద సుద్దముక్కతో పద్నాలుగు సున్నాలు గీసుకున్నా సరిపోతుంది.

మీ వైపున్న ఏదో ఒక గుంటలోని గింజలన్నీ ఎత్తండి. దాని పక్క గుంట నుంచి కుడివైపుగా ఒక్కొక్క గింజ వేసుకుంటూ పొండి. మీ వరస అయిపోతే ఎదుటివారి వరసలోకి మళ్లి చుట్టూ తిరగాలి. చేతిలో గింజలు అయిపోగానే, ఆ తర్వాతి గుంటలో ఉన్నవి ఎత్తి మళ్లీ పంచాలి. ఇలా సాగుతూ ఉండగా ఎత్తాల్సిన గుంట ఖాళీగా తగిలిందనుకోండి, అక్కడ ఆగాలి. ఆ ఖాళీ గుంట దాటగానే ఉన్న గుంటలోని గింజలు మీవి. వాటిని తీసి పక్కన పెట్టుకోవాలి. ఇక ఎదుటివారి వంతు. వరసగా రెండు గుంటలు ఖాళీ అయితే ఏమీ రాదు, ఉత్త చేతులతో వంతు ఇచ్చేయాల్సిందే.

ఇంకొక్క నియమం. పంచేటప్పుడు ఏ గుంటలోనైనా సరిగ్గా నాలుగు గింజలు పోగైతే, ఆ గుంట ఎవరిదో వాళ్లు వెంటనే తీసేసుకోవచ్చు. తమిళనాడులో ఈ నాలుగింటిని పసు, అంటే ఆవు అంటారు. చూసుకోకుండా ఊరుకుంటే ఇంకో గింజ పడి ఐదవుతాయి, ఆవు తప్పిపోతుంది. కాబట్టి మీ వంతు కానప్పుడూ కళ్లు పీట మీదే ఉండాలి.

ఒకరి వైపు గుంటలన్నీ ఖాళీ అయితే ఆ ఆట ముగిసినట్టు. రెండోవారి వైపు మిగిలినవి వాళ్లవే. ఒకరికి 42, ఇంకొకరికి 28 వచ్చాయనుకుందాం. 28 వచ్చినవారు రెండో ఆటలో ఐదేసి చొప్పున ఐదు గుంటలే నింపగలరు, మూడు గింజలు చేతిలో మిగులుతాయి. తక్కిన రెండు గుంటలు మూతపడతాయి. వాటిలో ఎవరూ గింజ వేయరు. తర్వాతి ఆటలో ఎక్కువ గెలుచుకుంటే మూతపడిన గుంటలు మళ్లీ తెరుచుకుంటాయి. ఒక్క గుంట నింపడానికి కూడా గింజలు లేనప్పుడే పూర్తిగా ఓడినట్టు.

ఊరికొక పద్ధతి ఉంటుంది. కొందరు ఆరేసి పోస్తారు. కొందరు ఖాళీ గుంట దాటాక ఎదురుగా ఉన్న గుంటను కూడా తీసుకుంటారు. కూర్చునే ముందే ఏ పద్ధతో మాట్లాడుకుంటే పేచీ ఉండదు.

మొదటి వంతులోనే ఒక లెక్క

ఐదేసి పోసి మొదలుపెట్టినప్పుడు ఏ గుంట ఎత్తితే మంచిదని కొత్తవాళ్లు తెగ ఆలోచిస్తారు. ఒకసారి గింజలు పోసి చూడండి. పైన చెప్పిన పద్ధతిలో ఏ గుంట ఎత్తినా మొదటి వంతుకు వచ్చేది ఏడు గింజలే! గుంటలన్నీ సమానంగా ఉన్నాయి కాబట్టి ఎక్కడ మొదలుపెట్టినా గింజలు ఒకే తీరుగా తిరుగుతాయి. మరి తేడా ఎక్కడ? మీకు ఎంత వచ్చిందన్న దానిలో కాదు, ఎదుటివారికి ఏం మిగిల్చారన్న దానిలో.

మీ ఎడమ చివరి గుంటతో మొదలుపెట్టారనుకోండి. మీరు ఏడు తీసుకున్నాక, ఎదుటివారి వరసలో గింజలు తిరిగే దిక్కుగా లెక్కపెడితే ఆరో గుంటలో ఒకే ఒక్క గింజ ఉంటుంది. పక్కన ఏడేసి గింజలున్న గుంటలుండగా దీన్నెవరు చూస్తారు? కానీ ఆ ఒక్క గింజా ఎత్తితే, మూడు చేతులు తిరిగి ఎనిమిది గింజలు తెచ్చిపెడుతుంది. నిండుగా ఉన్న గుంటే గొప్పదనుకోవద్దు. ఈ ఆటలో నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.

లెక్కలు రానివాళ్లా?

మా వీధిలో డెబ్బై దాటిన అవ్వ ఒకామె ఉంది. బ్యాంకుకు పోతే వేలిముద్రే. ఆమె ముందు కూర్చుంటే మాత్రం గెలవడం మాటలు కాదు. వేలు పెట్టి ఎంచదు, పెదవి కదపదు. ఒక్కసారి పీటను అటు నుంచి ఇటు చూస్తుంది. "ఆ గుంట ఎత్తితే వట్టిదే పాపా, రెండు ఖాళీలు తగుల్తాయి. ఇదెత్తు" అని చూపిస్తుంది. ఎత్తితే అక్షరాలా ఆమె చెప్పినట్టే జరుగుతుంది. "ఎట్లా తెలిసింది అవ్వా?" అంటే, "కంటికి కనపడతాది కదమ్మా. నాకు లెక్కలేం తెల్సు, సదువుకున్నానా?" అంటుంది.

ఆ మాట దగ్గరే మనం ఆగి ఆలోచించాలి. పద్నాలుగు గుంటల్లో గింజలు గుర్తుపెట్టుకుని, మూడు నాలుగు చేతులు ముందుకు తిప్పి చూసి, ఎదుటివారికి ఏం మిగులుతుందో కూడా తేల్చేది లెక్క కాకపోతే మరేమిటి? కాగితం మీద చేస్తే లెక్క, పీట మీద చేస్తే కాలక్షేపమా? ఆమెకు లెక్కలు రావని జీవితమంతా ఎవరెవరో చెబుతూ వచ్చారు, ఆమె నమ్మేసింది. అంతే.

ఈ ఆటను కాలక్షేపం అనడానికి ఒక కారణం ఉంది. ఆడపిల్ల పెద్దమనిషై మూల కూర్చున్నప్పుడు, నెలలు నిండుతున్న కోడలు బయటికి కదలకూడదన్నప్పుడు పీట తెచ్చి ముందు పెట్టేవాళ్లు. గడప దాటకూడని రోజులు గడపడానికి ఇచ్చిన ఆట ఇది. శివరాత్రి జాగరణలో తప్ప ఇంట్లో మగవాళ్లు దాని జోలికి వచ్చేవారు కారు. మూల ఆడిన ఆట కాబట్టి, అందులోని తెలివి కూడా మూలనే ఉండిపోయింది.

ఆటలో పంతం తక్కువేమీ కాదు. తుళు ప్రాంతంలో సిరి అనే స్త్రీ వంశం గురించి పాడుకునే పెద్ద కథాగేయం ఉంది. అందులో అబ్బగ, దారగ అనే కవలలు చెన్నెమణె ఆడుతూ మాటా మాటా పెరిగి, ఒకరు ఆ పీటతోనే రెండోవారిని కొట్టి చంపడం ఉంటుంది. అక్కచెల్లెళ్లు ఎదురెదురుగా చెన్నె ఆడకూడదనే మాట అందుకే వచ్చిందంటారు. ఆ భయం మనకక్కర్లేదు గానీ, కాలక్షేపానికెవరైనా అంత పంతం పడతారా?

ఓడలో ఆట, ఇంట్లో ఆట

ఇంగ్లీషువాళ్లకు క్రిబేజ్ అనే పేకాట ఉంది. 17వ శతాబ్దపు కవి సర్ జాన్ సక్లింగ్ దాన్ని తయారుచేశాడని చెబుతారు. ఇద్దరికీ ఆరేసి ముక్కలు పంచుతారు. చెరి రెండు పక్కన పెడతారు. ముక్కల విలువ పదిహేనుకు కుదిరితే రెండు పాయింట్లు, జతలకు కొన్ని, వరసలకు కొన్ని. వచ్చిన పాయింట్లను చిల్లుల పలక మీద పుల్లలు జరుపుతూ లెక్కపెడతారు. ముందుగా 121 చేరినవారిది గెలుపు. కొందరు ఆడే పద్ధతిలో, మీ చేతిలో పాయింట్లు మీరు లెక్కపెట్టుకోకుండా వదిలేస్తే ఎదుటివారు లాగేసుకోవచ్చు. మన తప్పిపోయిన ఆవు లాంటిదే!

ఆ ఆట కూడా ఎటూ కదలలేని మనుషులకే తోడైంది. వాళ్లు ఓడల్లో, జలాంతర్గాముల్లో నెలల తరబడి ఉండే నావికులు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో వాహూ అనే అమెరికా జలాంతర్గామిలో డిక్ ఓకేన్ అనే అధికారికి క్రిబేజ్‌లో అత్యధికమైన 29 పాయింట్ల చేయి పడింది. ఆయన పలకను ఆ నౌకాదళం పసిఫిక్ జలాంతర్గాముల్లో అన్నిటికన్నా పాతదానిలో ఉంచుతూ, అది విరమించగానే ఇంకోదానికి అప్పగిస్తూ వస్తోంది. అక్కడ పలకకు అంత మర్యాద. మన అవ్వల పీటలేమో పాతసామాన్ల వాళ్ల చేతికి పోతున్నాయి, లేదా పగిలితే పొయ్యిలోకి.

"ఆటంటే జూదమే కదా" అనేవాళ్లూ ఉంటారు. ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలు ఎన్ని కాపురాలను కుదిపేశాయో మనం చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం వచ్చింది. 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. గుంటల పీట మీద మాత్రం పోయేది చింతగింజే, వచ్చేదీ చింతగింజే.

మొదలుపెట్టేవాళ్లకు

మొదటి రోజు నాలుగింటి నియమం పక్కన పెట్టి ఆడండి. చేయి అలవాటయ్యాక దాన్ని కలుపుకోండి.

ఎత్తే ముందు కనీసం ఒక్క చేయి ఎక్కడ ఆగుతుందో మనసులో తిప్పి చూడండి. ఐదు గింజలుంటే ఐదో గుంటలో ఆగుతుంది, ఎత్తాల్సింది ఆరోది. ఈ చిన్న లెక్క పట్టుబడితే తర్వాత రెండు చేతులు, మూడు చేతులు వాటంతటవే కనపడతాయి.

చిన్నపిల్లలున్న ఇంట్లో గురివింద గింజలు వద్దు. చూడ్డానికి అందంగా ఉన్నా, పగిలిన గింజ కడుపులోకి పోతే విషం. చింతగింజలో గవ్వలో చాలు. అవి కూడా మింగే వయసు పిల్లలకు అందకుండా చూసుకోండి.

ఆడపిల్లతో పాటు మగపిల్లవాడినీ కూర్చోబెట్టండి. ఇది ఆడవాళ్ల ఆట అన్న మాట వాడి చెవిన పడకముందే నేర్పేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లోనో వీధిలోనో ఆట వచ్చిన పెద్దామె ఉంటే ఆమెనే గురువును చేసుకోండి. నియమాలు కాగితం మీద రాసిపెట్టుకోవచ్చు. పీటను ఒక్క చూపు చూసి ఏ గుంట ఎత్తాలో చెప్పే విద్య మాత్రం ఆమె పక్కన కూర్చుంటేనే వస్తుంది. ఆమె "నాకు లెక్కలు రావమ్మా" అంటే ఒప్పుకోకండి. వచ్చే శివరాత్రి జాగరణకు టీవీ ముందు కాకుండా ఆమె ముందు కూర్చోండి. గింజలు డెబ్బై ఉన్నాయో లేదో ముందే ఎంచుకుని మరీ!