దాంపత్యంలో మౌనంగా భరించే నొప్పి: మనస్తత్వ పరిశోధనలు తెలిపేదేమిటి?

విజయవాడకు చెందిన వైద్యులు డాక్టర్ జి. సమరం స్వాతి వారపత్రికలో దశాబ్దాల తరబడి పాఠకుల లైంగిక సందేహాలకు సమాధానాలు వ్రాశారు. వైద్యుని ఎదుట నోరు విప్పలేని సంగతిని ఉత్తరం ద్వారా అడిగే వీలు తెలుగువారికి ఆ విధంగా కలిగింది. అయినప్పటికీ జననాంగాలలో దీర్ఘకాలం వేధించే నొప్పిని గురించి కృష్ణా డెల్టా గ్రామాలలో నేటికీ బాహాటంగా మాట్లాడేవారు అరుదు. కలయికలో కలిగే బాధను కడుపునొప్పిగానో, నడుము నొప్పిగానో చెప్పుకునే స్త్రీలు ఉన్నారు. సంతానం కలగలేదన్న నింద వచ్చేవరకు అసలు విషయం వెలుగులోనికి రాకపోవడం శోచనీయం.

స్పష్టమైన కారణమేదీ కనిపించకుండా బాహ్య జననాంగ ప్రాంతంలో కనీసం 3 నెలలు కొనసాగే నొప్పిని వైద్యులు వల్వొడీనియా అని వ్యవహరిస్తారు. పరీక్షలో పుండు గానీ వాపు గానీ కనిపించనందున దీనిని మనోభ్రాంతిగా కొట్టివేయడం పొరపాటు. నొప్పి యథార్థమైనదే. అది మళ్లీ కలుగుతుందేమోనన్న భయంతో కటి కండరాలు తమంతట తామే బిగుసుకుంటాయి. బిగుసుకున్న కొద్దీ నొప్పి అధికమవుతుంది, దానితో భయమూ బలపడుతుంది. మనస్తత్వ చికిత్స ఈ వలయాన్ని తెంచడానికి ఉద్దేశింపబడినది.

కెనడాలో సోఫీ బెర్జెరాన్ బృందం ఈ నొప్పిలో ఒక రకంతో బాధపడుతున్న 78 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనాన్ని 2001లో ప్రచురించింది. శస్త్రచికిత్స, బయోఫీడ్‌బ్యాక్ అనే కండరాల శిక్షణ, ఆలోచనలను ప్రవర్తనను సరిదిద్దే బృంద చికిత్స, ఈ మూడింటిలోనూ నొప్పి తగ్గింది. తొలుత శస్త్రచికిత్సదే పైచేయి. రెండున్నర సంవత్సరాల అనంతరం మాత్రం, కలయిక వేళ స్త్రీలు తెలిపిన నొప్పి విషయంలో మనస్తత్వ చికిత్స దానితో సమానంగా నిలిచింది. 108 జంటలపై జరిగి 2021లో వెలువడిన మరొక అధ్యయనంలో భార్యాభర్తలకు కలిపి చేసిన చికిత్సను మత్తు లేపనంతో పోల్చారు. నొప్పి రెండింటా తగ్గినా, నొప్పిపట్ల ఆందోళన జంట చికిత్సలోనే ఎక్కువగా తగ్గింది.

భర్త వైఖరికి సంబంధించిన ఫలితాలు మరింత ఆలోచింపజేస్తాయి. భర్త విసుగు చూపిన చోట భార్య ఎక్కువ నొప్పిని తెలపడం ఊహించదగినదే. అయితే అతిగా జాలిపడి దగ్గరకు రావడమే మానుకున్న చోట కూడా అదే కనిపించింది. నొప్పి కలిగించని ఆప్యాయతను ప్రోత్సహించిన భర్తల భార్యలు తక్కువ నొప్పిని తెలిపారు. చికిత్సకు భార్యను ఒంటరిగానో, తల్లి వెంటనో పంపడం మన ప్రాంతపు ఆనవాయితీ. భర్త కూడా వెంట వెళ్లడం ప్రయోజనకరం.

ముందుగా స్త్రీవైద్య నిపుణులను సంప్రదించి అంటువ్యాధులు, చర్మవ్యాధులు లేవని నిర్ధారించుకోవలసి ఉంటుంది. మానసిక సలహా కొరకు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా, తెలుగులో అందుబాటులో ఉంది.