అష్టమినాటి తుపాను

ఆశ్వయుజం దసరా మాసం. బంగాళాఖాతంలో తుపానుల కాలం కూడా అదే. నైరుతి రుతుపవనాలు తిరుగుముఖం పట్టినా సముద్రపు నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఆ నీటి నుండి లేచే ఆవిరి వాయుగుండానికి బలమిస్తుంది. అందుకే తీరప్రాంతాలలో పండుగా, గాలివానా ఒక్కొక్కసారి కలిసి వస్తాయి.

ఒడిశాలోని బరంపురం ప్రాంతంలో తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్నారు. 2013 అక్టోబరు 12, దుర్గాష్టమి. ఆ రాత్రి ఫైలిన్ తుపాను బరంపురానికి చేరువలోని గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. ఫైలిన్ అంటే థాయి భాషలో నీలమణి. పేరు అందమైనదే! గాలి వేగం మాత్రం గంటకు సుమారు 200 కిలోమీటర్లు.

1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుపాను ఒడిశాలో దాదాపు 10 వేల మందిని బలిగొన్నది. ఆ దెబ్బను ఎవరూ మరువలేదు. అందుచేత ఈసారి ప్రభుత్వం ఉద్యోగుల దసరా సెలవులను రద్దు చేసింది. తుపాను తీరం చేరేలోగా దాదాపు 10 లక్షల మందిని ఆశ్రయ భవనాలకు, బడులకు తరలించారు. పండుగపూట దేవుని ముందు దీపం వదిలి, ఇంటికి తాళం వేసి కదలడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? అయినా కదిలారు.

ఇళ్ళు కూలాయి. చెట్లు నేలకొరిగాయి. వరి పొలాలు నీట మునిగాయి. వెనువెంటనే వరదలు వచ్చాయి. చనిపోయినవారి సంఖ్య మాత్రం వేలలో లేదు, పదులలో ఉంది.