అనుమానం సాక్ష్యం కాదు: మత్తు కేసులు, బెయిలు, మన బిడ్డలు

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాలు నేడు తెలుగు రాష్ట్రాల నలుమూలల నుంచి వచ్చిన యువతకు జీవనాధారం. కర్నూలు, గుంటూరు, నిజామాబాద్ వంటి పట్టణాల ముస్లిం కుటుంబాలు సైతం ఎన్నో ఆశలతో తమ బిడ్డలను అక్కడి హాస్టళ్లకు, అద్దె ఫ్లాట్లకు పంపుతున్నాయి. అదే ప్రాంతంలో మాదకద్రవ్యాల సోదాలు, అరెస్టులు తరచుగా వార్తలకెక్కుతున్నాయి. ఒక గదిలో దొరికిన పొట్లానికి ఆ ఫ్లాట్‌లోని నలుగురూ బాధ్యులేనా? ఇంటి పెద్దలంతా తెలుసుకోవలసిన ప్రశ్న ఇది.

మత్తు పదార్థం హరామ్. ఇందులో రెండో మాటకు తావు లేదు. అయితే ఆరోపణ చేసినవారే రుజువు చూపాలన్నది కూడా ఇస్లామీయ న్యాయ సూత్రమే. వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించాలనీ, అనుమానాలకు దూరంగా ఉండాలనీ సూరె హుజురాత్ బోధిస్తున్నది. పాపాన్ని అసహ్యించుకోవడం, నిందితునికి న్యాయం కోరడం ఒకదానికొకటి విరుద్ధం కావు.

చట్టం చెప్పేదేమిటి?

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో శిక్షయినా, బెయిలయినా ప్రధానంగా పరిమాణం మీద ఆధారపడి ఉంటుంది. గంజాయి ఒక కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు వాణిజ్య పరిమాణం. ఎండీఎంఏకు ఈ హద్దులు అర గ్రాము, 10 గ్రాములు. కొకైన్‌కు 2 గ్రాములు, 100 గ్రాములు.

వాణిజ్య పరిమాణం కేసులకు, అక్రమ రవాణాకు నిధులు సమకూర్చడం వంటి కొన్ని నేరాలకు సెక్షన్ 37 వర్తిస్తుంది. నిందితుడు దోషి కాడని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయనీ, బెయిలుపై ఉండగా నేరం చేయడనీ న్యాయస్థానం సంతృప్తి చెందితే తప్ప బెయిలు దొరకదు. మిగిలిన కేసులకు ఈ జంట షరతులు లేవు. అందుచేత ఎంత పదార్థం, ఎవరి వద్ద దొరికిందన్నదే మొదటి ప్రశ్న.

సాక్ష్యం ఎక్కడ బలహీనపడుతుంది?

స్వాధీనమంటే తెలిసి ఉంచుకోవడమని సుప్రీంకోర్టు పలుమార్లు స్పష్టం చేసింది. పదార్థం ఉన్నట్లు నిందితునికి తెలుసునా, అది అతని అధీనంలో ఉన్నదా అన్నది తేలాలి. ఉమ్మడి ఫ్లాట్లలో ఈ అంశం కీలకం. అధికారుల ఎదుట ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోరాదని 2020 అక్టోబరు 29న అదే న్యాయస్థానం తీర్పిచ్చింది.

2021లో ముంబయి నౌక కేసులో ఓ ప్రముఖ నటుని కుమారుని వద్ద ఏ మత్తు పదార్థమూ దొరకలేదు. ఫోన్ సందేశాలే ఆధారంగా చూపారు. కుట్రకు అవి నిదర్శనం కావని బాంబే హైకోర్టు బెయిలిచ్చింది. 2022 మే నెలలో దాఖలైన చార్జిషీటులో అతని పేరే లేదు. మన హైదరాబాద్‌లో 2017లో ఎక్సైజ్ శాఖ సినీ ప్రముఖులను గంటల తరబడి ప్రశ్నించింది. 2024లో నాంపల్లి కోర్టు ఆ ఎనిమిది కేసుల్లో ఆరింటిని ఆధారాలు లేవని కొట్టివేసింది. ఈలోగా గడచిన ఏళ్లను, పోయిన పరువును ఎవరు తిరిగి ఇవ్వగలరు?

అలాగని ప్రతి లోపమూ బెయిలుకు దారి తీయదు. నమూనాల సేకరణకు సంబంధించిన సెక్షన్ 52ఎ పాటించలేదన్న ఒక్క కారణమే చాలదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. మరోవైపు, ఏడేళ్లకు పైగా జైలులో మగ్గిన ఒక నిందితునికి 2023 మార్చి 28న బెయిలిస్తూ, విచారణలో అనుచిత జాప్యం జరిగితే సెక్షన్ 37 బెయిలుకు అడ్డు కారాదని స్పష్టం చేసింది. బెయిలంటే నిర్దోషిగా విడుదల కాదు. విచారణ యథావిధిగా కొనసాగుతుంది.

కుటుంబం చేయవలసినవి

అరెస్టు వార్త వినగానే దళారుల వెంట పరుగెత్తరాదు. అరెస్టుకు కారణాలు తెలుసుకోవడం, 24 గంటల్లో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచడం రాజ్యాంగం ఇచ్చిన హక్కులు. ఎఫ్‌ఐఆర్, పంచనామా, రిమాండ్ రిపోర్టు ప్రతులు సంపాదించాలి. పదార్థం ఎక్కడ, ఎంత దొరికింది, ఒంటిపై సోదాకు ముందు మేజిస్ట్రేటు లేదా గెజిటెడ్ అధికారి సమక్షం కోరే హక్కును తెలిపారా అన్నవి న్యాయవాది పరిశీలించాలి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారికి 15100 నంబరు ద్వారా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.

బిడ్డ నిజంగానే మత్తుకు బానిసైతే దాచిపెట్టడం ప్రేమ అనిపించుకోదు. స్వల్ప పరిమాణం లేదా సేవనం కేసులో వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరితే, సెక్షన్ 64ఎ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తున్నది. 14446 హెల్ప్‌లైన్ అందుకు తొలి మెట్టు.

ఇక మన వంతు బాధ్యత కూడా ఉన్నది. పొరుగింటి కుర్రవాడు అరెస్టయ్యాడన్న వార్త వాట్సాప్‌లో రాగానే ఫొటోతో సహా పదిమందికి పంపడం న్యాయస్థానం కంటే ముందే తీర్పు చెప్పడమే. ఆ తల్లిదండ్రుల తలుపు తట్టి, ఒక మంచి న్యాయవాది చిరునామా అందించడం అంతకంటే ఎన్నో రెట్లు మేలైన పని.