యువ సూత్రధారిని సంపాదించుకునే దారి: అజీజ్‌నగర్ మైదానం నేపథ్యంలో ఫుట్‌బాల్ అభిమానుల వాదాలు

పరిశోధన సారాంశం:

ఆటను నడిపించగల యువ ఆటగాడు కావలసి వచ్చినప్పుడు అతణ్ణి వెల పెట్టి తేవాలా, అరువు తెచ్చుకోవాలా, చిన్ననాటి నుంచే పెంచుకోవాలా అన్న చర్చ ఫుట్‌బాల్ అభిమానుల్లో తరచుగా వినిపిస్తుంది. రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని అజీజ్‌నగర్ శ్రీనిధి డెక్కన్ జట్టుకు సొంత మైదానం ఉన్న చోటు. ఆ జట్టు స్థితిని, హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రను, అమెరికన్ ఫుట్‌బాల్‌లోని ఎంపిక విధానాన్ని పక్కపక్కన ఉంచి, ఈ చర్చలోని మూడు పక్షాల బలాబలాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. ‘ఆటగాణ్ణి ఎలా తెచ్చుకోవాలి’ అన్న ప్రశ్నను ‘అతని శిక్షణ ఫలం ఎవరికి దక్కాలి’ అన్న ప్రశ్న నుంచి విడదీయలేమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అజీజ్‌నగర్, ఫుట్‌బాల్, అభిమానులు, సూత్రధారి, బదిలీ, అరువు, అకాడమీ, శిక్షణ పరిహారం.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వైపు సాగే రహదారిలో, హిమాయత్‌సాగర్, గండిపేట జలాశయాలకు చేరువలో అజీజ్‌నగర్ ఉంది. ఇక్కడి డెక్కన్ అరీనాలో సుమారు 1500 మంది కూర్చుని ఆట చూడవచ్చు. కోల్‌కతా, కొచ్చి నగరాల్లోని మైదానాలతో పోలిస్తే ఇది చాలా చిన్నది. కానీ ఇక్కడి జట్టు ముందున్న ప్రశ్న చిన్నది కాదు. 2021-22లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టిన శ్రీనిధి డెక్కన్, 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. ఐ-లీగ్ విజేతకే ఇండియన్ సూపర్ లీగ్‌లో ప్రవేశం కల్పించిన సంవత్సరాలవి. మొదటిసారి పంజాబ్ జట్టు, రెండోసారి మహమ్మడన్ స్పోర్టింగ్ ఆ అవకాశాన్ని అందుకున్నాయి. శ్రీనిధి డెక్కన్ రెండుసార్లూ ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది.

ఒక్క మెట్టు మిగిలిపోయినప్పుడు అభిమానుల చూపు సహజంగానే లేని ఆటగాడి మీదికి పోతుంది. ఆ లోటును ఎవరితో, ఏ దారిలో పూరించాలన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

2. సూత్రధారి – పదం, పాత్ర:

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ స్థానానికి ఉన్న ప్రాధాన్యం మరే స్థానానికీ లేదు. ప్రతి ఎత్తుగడలో బంతి ముందుగా అతని చేతికి వస్తుంది. ఎవరికి విసరాలో, ఎవరికి అందించాలో, తానే పరుగెత్తాలో కొన్ని క్షణాల్లో అతడు నిర్ణయించాలి. మనకు పరిచయమైన ఫుట్‌బాల్‌లో ఇంతటి అధికారం ఒక్కరి చేతిలో ఉండదు. అయితే మధ్యవరుసలో నిలిచి, ఆట వేగాన్ని నియంత్రిస్తూ, ముందువరుసకు బంతి అందించే ఆటగాడి పాత్ర దానికి దగ్గరగా ఉంటుంది. ఈ వ్యాసంలో ఆ ఆటగాణ్ణి ‘సూత్రధారి’ అని వ్యవహరించడమైంది. నాటకంలో సూత్రధారి అన్ని సన్నివేశాల్లోనూ కనిపించకపోయినా ప్రదర్శన అతని చేతిమీదుగానే నడుస్తుంది. మైదానంలోని సూత్రధారికి కూడా గోల్ చేసిన కీర్తి అరుదుగా దక్కుతుంది.

ఈ స్థానంలో యువకుణ్ణి కోరుకోవడానికి కారణం ఉంది. సూత్రధారికి కాలి వేగం కన్నా సహచరుల కదలికలను ముందే పసిగట్టే నేర్పు ముఖ్యం. అది ఒకే జట్టుతో కొన్నేళ్లు ఆడితే గాని కుదురుకోదు. కాబట్టి ఈ ఎంపిక ఒక్క సీజన్‌కు సంబంధించినది కాదు.

3. వాదం, జల్పం, వితండం:

న్యాయశాస్త్రం చర్చను మూడు విధాలుగా విభజించింది. సత్యాన్ని తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలుపే లక్ష్యంగా సాగేది జల్పం. తనదంటూ ఒక పక్షాన్ని నిలబెట్టకుండా ఎదుటివారి మాటను ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండం. అభిమానుల మాటల్లో ఈ మూడూ కలిసే ఉంటాయి. యాజమాన్యం ఎవరిని తెచ్చినా తప్పుపట్టడం వితండం. ఒక పక్షానికి అనుకూలమైన ఉదాహరణలను మాత్రమే ఏరి చూపడం జల్పం. ప్రతి పక్షానికీ దాని హేతువును, దృష్టాంతాన్ని, పరిమితిని కూడా చూపగలిగితేనే అది వాదం అవుతుంది. తరువాతి మూడు విభాగాలు ఆ పద్ధతిలోనే సాగుతాయి.

4. మొదటి పక్షం – వెల పెట్టి తెచ్చుకోవడం:

‘అవకాశం ఈ ఏడు చేజారితే మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి సిద్ధంగా ఉన్న ఆటగాణ్ణి తేవాలి’ అన్నది ఈ పక్షం హేతువు. దీనికి బలమైన దృష్టాంతం అమెరికాలో ఉంది. అక్కడి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 1936 నుంచి డ్రాఫ్ట్ అనే ఎంపిక పద్ధతి అమలులో ఉంది. ముందటి సీజన్‌లో వెనుకబడిన జట్టుకు ముందుగా ఎంచుకునే వరుస వస్తుంది. ఆ వరుసలను జట్లు పరస్పరం మార్చుకోవచ్చు. 2017లో 27వ వరుసలో ఉన్న కాన్సస్ సిటీ చీఫ్స్, పాట్రిక్ మహోమ్స్ కోసం 10వ వరుసను బఫలో బిల్స్ నుంచి తీసుకుంది. బదులుగా తన 27వ వరుసను, ఆ ఏటి మూడో విడత ఎంపికను, 2018 నాటి మొదటి విడత ఎంపికను వదులుకుంది. అంటే రేపటి ఎంపికను ఇవాళే ఖర్చు చేసింది. ఆ తరువాత ఆ జట్టు సాధించిన విజయాలు ఈ పక్షానికి ఊతమిస్తాయి.

కానీ ఈ దృష్టాంతంలోనే ఒక ప్రతివాదం దాగి ఉంది. అంత వెల పెట్టి తెచ్చిన మహోమ్స్‌ను ఆ జట్టు మొదటి ఏడాది అనుభవజ్ఞుడైన అలెక్స్ స్మిత్ వెనుక కూర్చోబెట్టింది. ఆ సీజన్‌లో అతడు ఆరంభం నుంచి ఆడినది ఒక్క ఆటే. కొనడంతో పని పూర్తి కాలేదు, పెంపకం తప్పలేదు. మరోవైపు, 2000లో 199వ వరుసలో ఎంపికైన టామ్ బ్రేడీ ఆ ఆట చరిత్రలో అత్యంత విజయవంతమైన క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. వెలకూ విలువకూ ఎప్పుడూ పొంతన కుదరదని ఇది చెబుతుంది.

భారతదేశంలో పరిస్థితి వేరు. ఇండియన్ సూపర్ లీగ్ 2014లో ఆరంభమైనప్పుడు దేశీయ ఆటగాళ్లను డ్రాఫ్ట్ ద్వారా పంచారు. 2017లోనూ అలాంటి ఎంపిక జరిగింది. ఆ తరువాత జట్లు ఆటగాళ్లతో నేరుగా ఒప్పందాలు చేసుకుంటున్నాయి. బలహీనమైన జట్టుకు ముందు వరుస ఇచ్చే ఏర్పాటు లేదు. కాబట్టి ఎక్కువ ధనం, పెద్ద లీగ్‌లో స్థానం ఉన్న జట్టు వైపే యువకులు మొగ్గుతారు. కింది లీగ్‌లో ఉన్న జట్టుకు ఈ దారి నిటారుగా ఉంటుంది.

5. రెండో పక్షం – అరువు తెచ్చుకోవడం:

పెద్ద జట్లలో అవకాశం దొరకని యువకులను ఒక సీజన్‌కు అరువు తెచ్చుకోవాలన్నది రెండో పక్షం. ఖర్చు తక్కువ, అందరికీ లాభం అన్నది దీని హేతువు. యువకుడికి ఆడే సమయం, సొంత జట్టుకు అనుభవం గడించిన ఆటగాడు, అరువు తెచ్చుకున్న జట్టుకు తక్షణ అవసరం తీరడం – మూడూ ఒకేసారి నెరవేరుతాయి. దేశాల మధ్య జరిగే అరువులకు 2022 జూలై నుంచి ఫిఫా పరిమితులు విధించింది. అయినా 21 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న వారిని ఆ సంఖ్యాపరిమితి నుంచి మినహాయించింది. యువకులకు ఆడే సమయం ముఖ్యమన్న గుర్తింపు ఈ మినహాయింపులో ఉంది.

దీని పరిమితి కూడా స్పష్టమే. సూత్రధారి నేర్పు సహచరులతో చిరకాల సాంగత్యం వల్ల వస్తుందని ముందే చెప్పుకున్నాం. అరువు ఆటగాడు ఆ సాంగత్యం కుదిరే వేళకు తిరిగి వెళ్లిపోతాడు. కౌలు చేనుకు ఎరువు వేసినట్లు, పెట్టిన శ్రమ మరుసటి పంటలో మరొకరికి అందుతుంది.

6. మూడో పక్షం – పెంచుకోవడం:

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత ఈ పక్షానికి మూలసూత్రం. చుట్టుపక్కల పిల్లలను చిన్నవయసులోనే గుర్తించి శిక్షణ ఇవ్వాలని, ‘పొరుగింటి పుల్లకూర రుచి’ అన్న భ్రమ నుంచి బయటపడాలని వీరి వాదం. ఈ పక్షానికి దృష్టాంతాన్ని దూరదేశాల్లో వెతకనవసరం లేదు. హైదరాబాద్ చరిత్రలోనే అది ఉంది.

వృత్తిరీత్యా ఉపాధ్యాయులైన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకుంది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం సాధించింది. బంతిని కాలివద్ద అట్టేపెట్టుకోకుండా వెంటనే అందించే పోటీలు పెట్టడం, బలహీనమైన కాలితో ఆడించడం ఆయన పద్ధతులు. ఇవి సూత్రధారులను తయారుచేసే పద్ధతులే.

7. పెంచిన నగరం, పొందిన నగరం:

అయితే ఈ దృష్టాంతం అక్కడితో ముగియదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరారు. హైదరాబాద్‌కు చెందిన మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ 1966లో అదే దారి పట్టారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం సాధించిన జట్టులో హబీబ్ కూడా ఉన్నారు. ఆటగాళ్లకు ఆ వలస మేలే చేసింది. జీవనోపాధి, పెద్ద ప్రేక్షకసమూహం, పత్రికల ఆదరణ అక్కడ దొరికాయి. నష్టపోయింది వారికి తొలి పాఠాలు నేర్పిన మైదానాలు. ‘యువకుణ్ణి ఎలా తెచ్చుకోవాలి’ అన్న ప్రశ్న కలకత్తాలో వినిపించిన కాలంలో హైదరాబాద్ దానికి జవాబుగా మిగిలింది, తిరుగు ఫలం మాత్రం పొందలేదు.

ఇటీవలి అనుభవం కొంత భిన్నమైనది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2020 జనవరిలో గోవా నుంచి లిస్టన్ కొలాసోను తీసుకుంది. ఆడే అవకాశం ఇచ్చి, 2021లో బదిలీ రుసుముకు మోహన్ బగాన్‌కు అప్పగించింది. అతడు లేకుండానే 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. యువకుణ్ణి వదులుకోవడం ఎప్పుడూ ఓటమి కాదని దీనివల్ల తెలుస్తుంది. కానీ 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. ఆటగాళ్లే కాదు, జట్లు కూడా వలసపోతాయన్న చేదు నిజం తెలుగు అభిమానులకు అనుభవమైంది. ఈ నేపథ్యంలో అజీజ్‌నగర్‌లోని చిన్న మైదానం బరువు పెరిగింది.

8. శిక్షణకు వెల:

పెంచిన చోటుకు ఫలం దక్కడం కోసం ఫిఫా 2001లో రెండు ఏర్పాట్లు చేసింది. మొదటిది శిక్షణ పరిహారం. 23 ఏళ్ల లోపు ఆటగాడు మొదటిసారి వృత్తి ఆటగాడిగా నమోదైనప్పుడు, లేదా మరో దేశపు జట్టుకు మారినప్పుడు, 12 నుంచి 21 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన జట్లకు కొత్త జట్టు చెల్లించాలి. రెండోది సంఘీభావ వాటా. అంతర్జాతీయ బదిలీ రుసుములో 5 శాతాన్ని అతడు 12 నుంచి 23 ఏళ్ల వరకు ఆడిన జట్లకు పంచుతారు. 12 నుంచి 15 ఏళ్ల వరకు ఏడాదికి 0.25 శాతం, ఆ తరువాత ఏడాదికి 0.5 శాతం చొప్పున ఈ వాటా లెక్కిస్తారు. దేశంలోపలి బదిలీలలో శిక్షణ ఇచ్చిన జట్లకు ప్రతిఫలం అందేలా చూడవలసిన బాధ్యతను ఆయా జాతీయ సమాఖ్యలకు అప్పగించారు.

అమెరికన్ డ్రాఫ్ట్‌లో ఇలాంటి ప్రతిఫలం లేదు. అక్కడ యువకుణ్ణి తయారుచేసేది కళాశాల, తీసుకునేది జట్టు. అందుకే అక్కడి అభిమానుల చర్చ ఎంపిక వరుస వెల చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ చర్చ జరగవలసింది పిల్లవాడి నమోదు పత్రం గురించి. ఏ వయసులో ఏ జట్టు తరఫున ఆడాడో నమోదు కాకపోతే పరిహారం అడిగే హక్కు కాగితం మీద కూడా మిగలదు. బస్తీ, గ్రామ మైదానాల్లో పిల్లలకు ఆట నేర్పేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి కొన్ని విషయాలు తేలుతున్నాయి. వెల పెట్టి తేవడం తక్షణ ఫలాన్ని ఆశించే దారి, కానీ పెంపకం లేకుండా అది కూడా నెరవేరదు. అరువు ఒక సీజన్ అవసరాన్ని తీర్చగలదు, సాంగత్యాన్ని నిలపలేదు. పెంచుకోవడం నెమ్మదైన దారి, నిలుపుకునే ఏర్పాటు లేకపోతే దాని ఫలం ఇతరులకు పోతుంది. బలరాం, హబీబ్‌ల తరం నేర్పిన పాఠం ఇదే.

కాబట్టి అభిమానులు తమ యాజమాన్యాన్ని ‘ఎవరిని తెస్తున్నారు’ అని అడిగేటప్పుడే మరో రెండు ప్రశ్నలు కూడా అడగడం ఉచితం. వచ్చిన యువకుడు వచ్చే రెండేళ్లలో ఎన్ని నిమిషాలు మైదానంలో ఉంటాడు? అతడు వెళ్లిపోయిన నాడు తొలిపాఠం నేర్పిన చోటుకు ఏం మిగులుతుంది? పదిహేడేళ్ల ఆటగాడికి బల్లమీద గడిచిన సీజన్ తిరిగిరాదు. రెండుసార్లు ఒక్క మెట్టు దూరంలో ఆగిన జట్టుకు ఆ మెట్టు ఎక్కించే సూత్రధారి ఎక్కడినుంచైనా రావచ్చు. అతడు మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతపు పిల్లవాడు కాగల అవకాశాన్ని తెరిచి ఉంచినప్పుడే ఈ చర్చ జల్పంగా మిగలక వాదంగా సార్థకమవుతుంది.